నీలం రావాలని

మా వాడలో నాకొక పేరుండేది. ఉచ్చ ఉడకబెట్టే ముండ. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు. నేను బిందె పట్టుకొని నల్లా దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి, నిండిన బిందె ఎత్తుకొని నాలుగడుగులు వేయగానే మళ్ళీ మొదలయ్యేవి. ఆ పేరులో అబద్ధమేమీ లేదు. మొగుడు పోయినదాన్ని, ముండనే. ఉడకబెట్టిందీ నిజమే. రోజూ తెల్లవారి నా పొయ్యి మీద అన్నం కంటే ముందు అదే ఉడికేది. ఎవరో చెప్పగా వినే కన్నా నేనే చెప్పుకోవడం మంచిది.

నాకు చదువు రాదు. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెప్తుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. కొంచెం మంచి మాటలు పెట్టి రాస్తానంది. వద్దు, నేను చెప్పినట్టే రాయమన్నాను.

ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల మా ఇల్లు. ఒక అర్ర, ముందు చిన్న పంచ. మా ఆయన మార్కెట్లో హమాలీ, నేను అదే మార్కెట్లో మిరపకాయల తాలు ఏరేదాన్ని. మాకు పిల్లలు కలగలేదు. మూడిళ్ళ అవతల ఒక రిక్షా తొక్కే అతను ఉండేవాడు. భార్య కాన్పులో పోయిందట, బిడ్డా దక్కలేదట. అది మేము ఆ వాడకు రాకముందు సంగతి. మళ్ళీ చేసుకోలేదు. మా ఆయన్ని అన్నా అని పిలిచేవాడు, అందుకని నేను వదినెనయ్యాను. రక్తం కలవలేదు, కులమూ ఒకటి కాదు. పిలుపుతో కలిసిన చుట్టరికం.

పందొమ్మిది వందల డెబ్బైల్లో మా ఆయనకు కామెర్లు ముదిరాయి. పెద్ద దవాఖానకు తీసుకుపోయింది ఆ మరిదే. నాలుగో రోజు శవాన్ని ఇంటికి తెచ్చిందీ అతనే. బతికున్న మనిషిని కూర్చోబెట్టుకున్నట్టు మా ఆయన్ని ఒడిసిపట్టుకొని నేను రిక్షాలో కూర్చున్నాను. అతను దారి పొడుగునా వెనక్కి తిరిగి చూడలేదు. "వదినె, అన్న తల ఊగకుంట పట్టుకో" అని ఒక్కసారి అన్నాడు, అంతే.

ఆ తర్వాత పొద్దున్నే నేను ఎదురైతే జనం ఆగేవాళ్ళు. కొందరు ఇంట్లోకి పోయి నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాళ్ళు. అతను మాత్రం రిక్షా ఆపి, "మార్కెట్‌కేనా వదినె? ఎక్కు" అనేవాడు. మొదటి బేరం కాకముందే ముండను ఎక్కించుకునే రిక్షావాడు వరంగల్ మొత్తంలో అతనొక్కడే. "నీ బేరం పాడైతదిరా నాయనా" అంటే, "నీ కంటె ముందు ఎక్కినోళ్ళతోని ఏం బాగుపడ్డ?" అనేవాడు.

అట్లా రెండేళ్ళో మూడేళ్ళో గడిచాయి. ఒక చలికాలం అతను మనిషి పీల్చుకుపోవడం మొదలుపెట్టాడు. కుండెడు నీళ్ళు తాగేవాడు, చలికాలంలో. గోడ పక్కన ఒంటికి పోసిన చోట చీమలు బారులు కట్టేవి. పక్కింటి ముసలమ్మ చూసి, "గీనికి తీపి మూత్రం రోగమొచ్చింది" అని చెప్పనే చెప్పింది. అతను నవ్వి ఊరుకున్నాడు. పెడల్ గీరుకొని కాలి బొటనవేలికి పుండు అయింది. అది మానలేదు. ఒకసారి రిక్షా మూడు రోజులు ఒకే చోట కదలకుండా నిలబడి ఉండటం చూసి నేను తలుపు తోశాను. చాప మీద పడి ఉన్నాడు. అర్రంతా కుళ్ళిన వాసన. నన్ను చూసి, "నీళ్ళియ్యి వదినె" అన్నాడు. చెంబెడు ఇస్తే తాగి, ఇంకో చెంబు అడిగాడు.

ఇంకో రిక్షా పిలిచి దవాఖానలో వేశాను. వేలు తీసేశారు. ఇంటికి పంపే రోజు దగ్గరపడ్డాక అక్కడి పెద్ద నర్సమ్మ వచ్చి, "రోజు పొద్దుగాల సూది వేసుకోవాలె. బతికినన్ని రోజులు. నీకెవలున్నరు?" అని అడిగింది.

"ఎవల్లేరు సిస్టరమ్మా. నా కండ్లు గూడ మసకలు. ఇంటికి పోయి సత్త తియ్యి, మీకెందుకు ఫికర్."

నేను జావ గిన్నె పట్టుకొని మంచం పక్కన నిలబడి ఉన్నాను. "నేనున్న" అన్నాను. ఆ మాట ఎవరన్నారా అని నేనే ఒక క్షణం చూసుకున్నాను.

"నువ్వేమైతవు?"

"వదినెను."

నర్సమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "రేపు రెండు వంకాయలు పట్టుకరా" అంది.

కూరకు అడిగిందనుకున్నాను. కాదు. వంకాయ తోలు మనిషి తోలు లాగే ఉంటుందట. గాజు సూదిలో నీళ్ళు పీల్చి, వంకాయను ఎడమచేత్తో పట్టుకొని, ఏటవాలుగా పొడవడం నేర్పింది. నాలుగు రోజులు నాలుగు జతల వంకాయలు పొడిచాను. అంకెలు నాకు రావని చెప్తే, గాజు మీద ఎక్కడిదాకా మందు ఎక్కించాలో అక్కడ గోళ్ళ రంగుతో ఎర్ర గీత గీసిచ్చింది. నీలం మందు సీసా, ఒక గాజు గొట్టం ఇచ్చి పరీక్ష నేర్పింది. గొట్టంలో ఇంత మందు పోసి, ఎనిమిది చుక్కలు ఉచ్చ వేసి, మంట మీద ఊపుతూ కాచాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర అణిగిందని. ఆకుపచ్చకు తిరిగితే ఫర్వాలేదు. పసుపు అయితే నిన్న ఏదో తిన్నాడని. ఇటుక రంగు వస్తే గండం. అక్షరం రానిదాన్ని రంగు చదవడం నేర్చుకున్నాను.

పంపించేటప్పుడు నర్సమ్మ నా రెక్క పట్టుకొని చెప్పింది. "సూది ముందు, బువ్వ ఎనుక. బువ్వ లేని పొద్దు సూది లేదు. తినకుంటె చక్కెర మొత్తం పడిపోతది, చెమటలు బట్టి మతి తప్పుతడు. అప్పుడు నోట్ల బెల్లమో చక్కెరో పెట్టు."

"చక్కెర జబ్బుకు చక్కెరనా సిస్టరమ్మా?"

"అవ్. అప్పుడు అదే మందు."

ఇక రోజూ అదే పని. తెల్లవారక ముందే లేచి, సూదిని గిన్నెలో ఉడకబెట్టి, రంగు చూసి, మందు సీసా తీసేదాన్ని. సీసాను ఇసుక నింపిన కుండలో పెట్టి రోజూ నీళ్ళు చల్లాలి, ఎండ తగిలితే మందు చచ్చిపోతుంది. అతను మా పంచలోకి వచ్చి కూర్చొని దండచెయ్యి చాపేవాడు. మొదటిరోజు నేను పొడవగానే ఎగిరి లేచాడు. "సూదా, మిరపకాయా వదినె ఇది?" అని అరిచాడు. మిరపకాయలు ఏరే చేతులు ఎంత కడిగినా మంట పోదు, చర్మంలోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత మజ్జిగతో చేతులు కడిగి, కొబ్బరినూనె రాసుకొని సూది పట్టేదాన్ని. మార్కెట్లో ఆడవాళ్ళు, "ఎవనికోసమే గీ సింగారం?" అని ఎకసెక్కాలు ఆడేవాళ్ళు.

సూది వేశాక రెండు జొన్నరొట్టెలు, ఏదో ఒక పులుసు ముందు పెట్టి, అతను తినడం మొదలుపెట్టాక నేను మార్కెట్‌కు పోయేదాన్ని. రిక్షా తొక్కడం అయిపోయింది. ఇంట్లో కూర్చొని నులక పేనేవాడు. కళ్ళు పూర్తిగా కనిపించకపోయినా వేళ్ళకు తెలుస్తుందనేవాడు. మందు దవాఖానలో ఉన్ననాడు అక్కడ, లేనినాడు బజార్లో. అది ఎట్లా తెచ్చానో ఇప్పుడు చెప్పను, తెచ్చాను.

కానీ ఆ పొద్దులు. ఆ పొద్దుల సంగతి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. అతను మాట్లాడుతూ ఉండేవాడు, నేను మంట మీద గొట్టం ఊపుతూ వినేదాన్ని. రిక్షాలో ఎక్కినవాళ్ళ కథలు అతని దగ్గర ఎన్ని ఉన్నాయో. సుబేదారిలో ఒక ఆఫీసర్ గారి భార్య ఉండేదట, ఆమె ఎక్కితే ముందు చక్రం గాలిలోకి లేచేదట. "నేను హ్యాండిల్ పట్టుకోని ఏలాడేది వదినె. తొక్కుడు ఏడిది, ఏలాడుడే!" అనేవాడు. నేను నవ్వితే గొట్టం పొంగి పొయ్యిలో పడేది. "ఇగ చూడు, ఇయ్యాల రంగు పొయ్యిల పాయె. మల్ల ఉచ్చ పొయ్యి!" అని తిట్టేదాన్ని. "ఏడికెళ్ళి తేవాలె ఇప్పుడు?" అని అతనూ నవ్వేవాడు. మా ఆయన బతికి ఉన్న రోజుల్లో కూడా నేను పొద్దున్నే అంత నవ్వలేదు. ఇది తప్పుగా అనిపిస్తే అనిపించనీ.

"ఏం రంగు వదినె?" అని అడిగేవాడు, తనకు కనబడదు కాబట్టి.

"ఆకుపచ్చ."

"నీలమెన్నడొస్తదే?"

"నువ్వు దొంగతనంగ పుచ్చకాయ తినుడు బందుజేసిననాడు."

నాకు నీలం రావాలని ఉండేది. అది వస్తే అతను ఉంటాడు, రాకపోతే కాలో కన్నో పోతుంది, ఆ తర్వాత మనిషి. ఆశ ఆ గొట్టంలోనే ఉండేది. అందుకని అతని పేరు మీద శనివారం ఒక్కపొద్దు పట్టాను. పొద్దంతా ఏమీ ముట్టను, దీపం పెట్టాక ఒక పూట తినేది. అతను కనిపెట్టాడు. "ఎవరి పేరు మీద ఉంటానవ్?" అని అడిగాడు. "మా ఆయన పేరు మీద" అన్నాను. బతికిన మనిషి పేరు, అందులోనూ పరాయి మగవాడి పేరు ముండ నోటితో ఎట్లా చెప్తుంది? కానీ ముసలమ్మకు మాత్రం చెప్పాను. ముసలమ్మ నోట్లో ఆవగింజ నానదు.

ఒక శనివారం నీలం వచ్చింది.

నేను గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి మళ్ళీ చూశాను. నీలమే, మందు పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే. "వచ్చిందయ్యా!" అని అరిచాను. అతను చిన్నగా నవ్వాడు. రోజూ ఎక్కించినంత మందే ఎక్కించి సూది వేశాను. రొట్టెలు, టమాట పులుసు ముందు పెట్టాను. "తిను, తిను అని నిలవడకు, నేను తింట పో వదినె" అన్నాడు. ఆ రోజు కొత్త పంట మూటలు దిగాయి, పొద్దున్నే రమ్మని కబురు. పోయాను. రోజూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసి పోయేదాన్ని, ఆ రోజు చూడలేదు. ఎన్నిసార్లు తలచుకున్నానో ఆ ఒక్క ముద్దను.

మధ్యాహ్నం పాలు పోసే ఆయన సైకిల్ మీద మార్కెట్‌కు వచ్చాడు. "అమ్మా, జల్ది రా. నీ మరిదికి గాలి సోకినట్టున్నది, ఒర్రుతాండు" అన్నాడు. మిరపకాయల కుప్ప మీది నుంచి అట్లాగే లేచి, చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తాను.

పంచ నిండా మనుషులు. అతను చెమటలో తడిసి, చల్లగా, కళ్ళు తేలేసి ఉన్నాడు. దవడలు బిగుసుకున్నాయి. ఒకరు కల్లు తాగాడంటున్నారు, ఒకరు వేపమండలు తెమ్మంటున్నారు. నా కళ్ళు మూల మీద పడ్డాయి. పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. తీసి చూశాను. రెండు రొట్టెలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పులుసు మీద తెట్టు కట్టింది.

అప్పుడు తెలిసింది. శనివారం. ముందు రాత్రి నుంచే తినలేదు, అందుకే నీలం వచ్చింది. నేను సంబరపడి సూది వేశాను.

"బెల్లం తే అవ్వా!" అని ముసలమ్మ మీద అరిచాను.

"బెల్లమా? చక్కెర జబ్బోనికి బెల్లం పెడ్తవా? పిచ్చి లేశిందానే నీకు?"

"తెస్తవా, నీ ఇల్లు జొర్రమంటవా?"

ఎవరూ కదల్లేదు. నేనే ముసలమ్మ ఇంట్లోకి దూరి ఉట్టి మీది బెల్లం ముద్ద తెచ్చాను. "చంపుతాంది, పట్టుకోండ్రి" అని ఒకాయన నా ముంజేయి పట్టుకున్నాడు. నేను అతని చెయ్యి కొరికాను. రక్తం వచ్చేట్టే కొరికాను. బెల్లం నలిపి, మరిది పెదవి లేపి, పళ్ళ చిగుళ్ళకు, బుగ్గ లోపల రుద్దాను. మళ్ళీ నలిపాను, మళ్ళీ రుద్దాను. ఎంతసేపో తెలియదు. వాడంతా నన్ను తిడుతూనే ఉంది. కొంతసేపటికి దవడ వదులైంది. నాలుక కదిలింది. కళ్ళు నిలిచాయి.

"నోరు మండుతాందే వదినె" అన్నాడు. నా మిరపకాయల చేతులు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఎందుకు తినలే? ఎందుకు తినలేరా నువ్వు?"

"శనివారం గద." మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. "నువ్వు నా కోసం ఒక్కపొద్దు ఉంటానవని అవ్వ చెప్పింది. మరి నీ కోసం ఉండేటోళ్ళెవలున్నరు?"

అందరి ముందరా అన్నాడు. తెలివి పూర్తిగా వచ్చి ఉంటే అనేవాడు కాదేమో. బెల్లం పెట్టినందుకు వాడవాళ్ళు నన్ను క్షమించేవాళ్ళే. ఆ మాటకు మాత్రం క్షమించలేదు.

అతని అన్న ములుగు అవతల ఒక అడవి ఊళ్ళో ఉండేవాడు, ఏళ్ళుగా రాకపోకలు లేవు. కబురు పోయింది. రెండో రోజు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. వాడలో పెద్దమనుషులు నలుగురు చేరారు. నన్ను దూరంగా, గోడ పక్కన నిలబెట్టారు. నేను కొరికిన ఆయన చేతికి గుడ్డ కట్టుకొని వచ్చి ముందు కూర్చున్నాడు.

"మొగణ్ణి మింగింది చాలదా, మా తమ్ముని మీద పడ్డది" అన్నాడు అన్న. "సూదులు పొడిచి వాణ్ణి పుల్లలెక్క జేసింది. మా అడివిల పొడపత్రాకు ఉన్నది, నూరి పోస్త. సూదుల్లేవు, గీదుల్లేవు."

మరిది అంతసేపూ తల వంచుకొని ఉన్నాడు. అప్పుడు తలెత్తి, నేను ఎక్కడున్నానో సరిగ్గా కనబడక, కొంచెం పక్కకు చూస్తూ అడిగాడు. "వదినె, నువ్వు ఉండుమంటె ఉంట."

అందరూ నా వైపు తిరిగారు.

ఒక్క మాట. 'ఉండు.' అంతే అనాలి. నా నోట్లో నాలుక ఉంది. మనిషి చెయ్యి కొరికిన నోరే అది. కానీ ఆ మాట అంటే నేను ఎవరినవుతానో నాకు తెలుసు. నీళ్ళ బిందె దగ్గర అనే పేరు అప్పుడు మొహం మీదే అంటారు, ఇల్లు ఖాళీ చేయమంటారు, అతనికి ఎవరూ కుండలో నీళ్ళైనా పోయరు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని ఇప్పుడు చెప్తున్నాను గానీ, నిజం చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయాను, అంతే. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చివరికి, "సూది మాత్రం ఆపకుండ్రి" అన్నాను.

అతను మళ్ళీ తల వంచుకున్నాడు.

అతని బట్టలు, సూది సామాను మూట కట్టడానికి లోపలికి పోయాను. నా వెనక అన్న భార్య వచ్చింది. అప్పటిదాకా ఆమె గొంతే వినలేదు. నా కంటే చిన్నది, నల్లగా, సన్నగా ఉంది. తలుపు దగ్గరగా వేసి, చిన్న గొంతుతో, "అక్కా, ఏడ పొడవాలె?" అంది.

నేను ఆమె మొహం చూశాను.

"జల్ది చెప్పు. ఆయనకు చాయ పోస్తాండ్రు, తాగేలోపు చెప్పు. మా అవ్వ గూడ గిదే రోగంతోటి పోయింది. ఆకు పోసుకుంట పోసుకుంట పోయింది."

ఇంట్లో వంకాయ లేదు. సూదిలో నీళ్ళు ఎక్కించి ఆమె చేతికిచ్చి, నా చెయ్యి చాపాను. "పొడువు" అన్నాను. మొదటిసారి ఎముకకు తగిలింది. "అట్ల గాదు చెల్లె, తోలు పట్టుకోని ఏటవాలుగ." రెండోసారి బాగా వేసింది. ఎర్ర గీత చూపించాను, రంగులు చెప్పాను, బువ్వ లేనినాడు సూది లేదని మూడుసార్లు చెప్పించుకున్నాను. సూది, గొట్టం, నీలం మందు ఇసుక కుండలోనే పెట్టిస్తే, ఆమె కొంగు కింద దాచుకొని బయటికి పోయింది. అతను జీపు ఎక్కేటప్పుడు నేను బయటికి రాలేదు. జీపు చప్పుడు కోట దర్వాజా దాటేదాకా విన్నాను.

ఆ నెల ఎట్లా గడిచిందో. పొద్దున్నే లేచి పొయ్యి అంటించి, గొట్టం కోసం చెయ్యి చాపేదాన్ని. ఖాళీ గూడు. మజ్జిగతో చేతులు కడుక్కొని, కొబ్బరినూనె రాసుకొని, ఎవరికోసమని అక్కడే కూర్చుండిపోయేదాన్ని. రోడ్డు మీద రిక్షా గంట మోగితే లేచి చూసేదాన్ని. మోగించే పద్ధతి వేరే అని తెలిసీ చూసేదాన్ని.

సీసా ఒకటి ఒక నెల వస్తుంది. నెల దగ్గరపడ్డకొద్దీ నాకు అన్నం దిగలేదు. ఒకరోజు మార్కెట్లో అన్న భార్య నా ముందు నిలబడింది, తల మీద అడ్డాకుల మోపుతో. విస్తళ్ళు కుట్టే ఆకులు, అడవి ఊళ్ళ ఆడవాళ్ళు తెచ్చి అమ్ముతారు. మోపు దించి, ఆకుల మధ్య నుంచి ఖాళీ సీసా తీసింది.

"ఒడిసింది అక్కా. ఇంకోటి కావాలె."

ఖాళీ సీసాను చూస్తూ ఉండిపోయాను. ఒక చుక్క కూడా మిగల్లేదు.

"మీ ఆయనకు తెల్వదా?"

"ఆయన ఆకు నూరి పోస్తాండు. అదీ తాగుతాండు. నేను కొట్టంల, ఆయన చెల్కకు పోయినంక పొడుస్తాన. ఆకుతోటి మంచిగైతాందని ఊరంత చెప్పుకుంటాండు. చెప్పుకోనియ్యి."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను అడిగాను. "వచ్చే అమాసకు మార్కెట్ బందు. నేనొక్కసారి ఊరికి రానా చెల్లె?"

ఆమె నవ్వు పోయింది. "రాకు. నువ్వొస్తె ఆయనకు ఎరికైతది. కుండ పలగ్గొడ్తడు. నువ్వు రానన్ని రోజులు సూది నడుస్తది."

"అయితే ఒక్క మాట చెప్తవా మరిదితోని? నేను..."

"మాటలు నేను మొయ్య అక్కా. సీసా మోస్త. మాట మోసుడు మొదలువెడితె నాకే తప్పనిపిస్తది, అప్పుడు సీసా గూడ మొయ్యబుద్ది గాదు."

నిక్కచ్చిగా చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. సీసాను తడిగుడ్డలో చుట్టి, పచ్చి ఆకుల మధ్య దోపి ఇచ్చాను. "ఏం రంగొస్తాందో అదన్న చెప్పు" అన్నాను.

"ఆకుపచ్చ" అంది.

ఆ తర్వాత నెలకొకసారి వచ్చేది. ఖాళీ సీసా ఇచ్చేది, నిండు సీసా తీసుకునేది. నేను రంగు అడిగేదాన్ని, ఆమె చెప్పేది. ఆకుపచ్చ. పసుపు. ఆకుపచ్చ. ఒకసారి ఇటుక అంటే నేను నెలంతా పడుకోలేదు. కాలు మానిందా, కళ్ళు ఎట్లా ఉన్నాయి, నవ్వుతాడా అని అడగాలని నాలుక మీదిదాకా వచ్చేది. రంగు తప్ప ఇంకేం అడిగినా ఆమె మోపు ఎత్తుకునేది.

ఒకే ఒక్కసారి ఓపలేక బస్సెక్కాను. ములుగు బస్టాండులో దిగితే ఎదురుగా వాళ్ళ ఊరి జీపు నిలబడి ఉంది. "ఎక్కమ్మా, ఒక్క మనిషే తక్కువ, ఎక్కితే పోదాం" అని డ్రైవర్ పిలుస్తున్నాడు. నేను చెట్టు కింద కూర్చున్నాను. ఇంకెవరో ఎక్కారు, జీపు పోయింది. ఇంకో జీపు వచ్చింది, అదీ నిండి పోయింది. నా లోపల ఒకటే లెక్క తిరుగుతోంది. నేను పోతే చూస్తాను. చూస్తే సూది ఆగుతుంది. సీతాఫలాలు అమ్మే ఆమె, "ఎవలకోసం చూత్తానవమ్మా?" అని అడిగింది. "ఎవలకోసం లేదు" అన్నాను. సాయంత్రం బస్సుకు వరంగల్ వచ్చేశాను.

అట్లా నాలుగేళ్ళు బతికాడు. కాలు పోలేదు. అంత అడవిలో, అంత పేదింట్లో, నాలుగేళ్ళు. నేను చూడకుండా బతికాడు, చూస్తే బతకడు కాబట్టి చూడలేదు. ఎవరైనా నన్ను ఏం చేశావు అని అడిగితే ఇదే చెప్తాను, పోకుండా ఉన్నాను.

ఒక ఎండాకాలం ఆమె మోపు లేకుండా వచ్చింది. మార్కెట్‌కు కాదు, ఇంటికే వచ్చింది. పంచలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి చెప్పింది. జ్వరం తగిలింది, రెండు రోజులే. పోయిననాడు పొద్దున కూడా జావ తాగించి సూది వేసిందట. ఒక్క రోజు తప్పలేదట.

"మా ఆయనకు ఎరికే అక్కా. ఎప్పటిసందో ఎరికే. మొన్న చెప్పిండు. తెల్వనట్టు ఉన్నడట."

నేను అన్నం పెట్టాను. ఆమె తింటోంది. నాకు ఇంకా ఏడుపు రాలేదు. నాలుగేళ్ళుగా దాచుకున్న ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి, ఇప్పుడు అడగొచ్చు, ఆమె మోపు ఎత్తుకొని పోదు. నా గురించి అడిగాడా అని అడగాలి ముందు. అడగలేకపోయాను. లేదంటే ఏం చేయాలి? అడిగాడంటే మాత్రం ఏం చేయాలి?

"చేతికే పొడిచేదానివా?" అన్నాను.

"లే అక్కా. చేతుల బొక్కలు తేలినయి గద. తోలు దొరికేది కాదు. పొట్టకు పొడిచేది."

పొట్టకు. నేను పొడిచినన్ని రోజులూ దండచెయ్యి తప్ప అతని ఒంటి మీద ఇంకెక్కడా చెయ్యి పెట్టలేదు. పొట్ట మీద తోలు వేళ్ళతో ఎత్తి పట్టుకోవాలి, అరచెయ్యి ఆనించాలి, అతను ఊపిరి తీస్తుంటే చేతికి తెలుస్తుంది. అవన్నీ ఈమెకు తెలుసు. నాలుగేళ్ళు, రోజూ తెలుసు. నాలుగేళ్ళు బతికించిన చెయ్యి ఎదురుగా నా పళ్ళెంలో అన్నం కలుపుకుంటుంటే, కాళ్ళు మొక్కాల్సింది పోయి, నాకు కుళ్ళు పుట్టింది. చచ్చినవాడి మీద, తింటున్న ఆ పిల్ల మీద, కుళ్ళు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆమె తినడం ఆపి, ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకొని, ఎడమ చేత్తో నా వీపు రాసింది.